గురి తప్పింది పిస్టలా, చెయ్యా?

2024 జులై 28. పారిస్ ఒలింపిక్స్ షూటింగ్ పోటీలకు వేదికైన షాటోరూలో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్ జరుగుతోంది. 22 షాట్లు ముగిసేసరికి మను భాకర్ స్కోరు 221.7. దక్షిణ కొరియా షూటర్ కిమ్ యేజీ స్కోరు 221.8. స్వర్ణం కోసం చివరి రెండు షాట్లు కాల్చే అవకాశం కిమ్‌కు దక్కింది, మను కాంస్యంతో సరిపెట్టుకుంది.

ఆ 0.1 ఎంతో కొలిచి చూద్దాం. ఎయిర్ పిస్టల్ లక్ష్యం మీద ఒక్కో వలయం వెడల్పు 8 మిల్లీమీటర్లు. దాన్ని పది భాగాలు చేస్తే ఒక్కో భాగం 0.8 మిల్లీమీటర్లు. అంటే 22 పెల్లెట్లలో ఏ ఒక్కటి ఆ కాస్త లోపలికి తగిలినా స్కోర్లు సమమయ్యేవి.

ఇంత సన్నటి లెక్కల మీద నడిచే ఆట కాబట్టి, పిల్లల్ని షూటింగ్‌లో చేర్చిన తల్లిదండ్రులు మొదట అడిగేది పిస్టల్ గురించే. అన్నిటికంటే కచ్చితమైనది ఏది? ఖరీదు లక్షల్లో ఉంటుంది కనుక ప్రశ్న సబబే. కానీ జవాబు చాలామంది ఊహించే చోట లేదు. పేరున్న కంపెనీల మేటి పిస్టళ్లన్నీ ఈ ఆటకు కావలసినదానికంటే కచ్చితంగానే కాలుస్తాయి. వాటి మధ్య తేడా బ్యారెల్‌లో తక్కువ, పిడిలోనూ ట్రిగ్గర్‌లోనూ ఎక్కువ. ఇది నమ్మాలంటే కొంచెం లెక్క చెయ్యాలి.

లక్ష్యం ఎంత, పిస్టల్ చెదురు ఎంత

పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, దాదాపు చొక్కా గుండీ అంత. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు వలయం గీతను తాకినా పది పాయింట్లూ ఇస్తారు. కాబట్టి పెల్లెట్ కేంద్రం లక్ష్య కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల లోపు పడితే చాలు, అది పదే. 16 మిల్లీమీటర్ల లోపైతే తొమ్మిది.

ఇక పిస్టల్ సంగతి. మంచి మ్యాచ్ పిస్టల్ పెట్టెలో కంపెనీవాళ్లు ఒక చిన్న అట్ట పెడతారు. పిస్టల్‌ను కదలకుండా బిగించి 10 మీటర్ల నుంచి ఐదు షాట్లు కాల్చిన పరీక్ష పత్రం అది. ఐదు రంధ్రాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే రంధ్రంలా కనిపిస్తాయి. ఆ రంధ్రం అంచు నుంచి అంచుకు 7 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అందులోంచి పెల్లెట్ వ్యాసం తీసేస్తే 2.5 మిల్లీమీటర్లు మిగులుతుంది. దూరదూరంగా పడిన రెండు పెల్లెట్ల కేంద్రాల మధ్య ఎడం అది. దీన్నే షూటర్లు 'గ్రూపు' అంటారు.

ఐదు షాట్ల గ్రూపు సగటున ప్రామాణిక విచలనానికి మూడు రెట్లు ఉంటుందని సంభావ్యతా శాస్త్రం చెబుతుంది. అలా చూస్తే మన పిస్టల్ విచలనం, అంటే చెదురు, సుమారు 0.8 మిల్లీమీటర్లు.

చేతి సంగతి వేరు. ప్రపంచ స్థాయి షూటర్ 600కు 583 చేశాడంటే అతని చెదురు 5 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నట్టు. 536 దగ్గర ఆగే షూటర్‌కు అది 10 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఈ రెండు చెదుళ్లనూ కలపాలి. 5కు 0.8 కలిపితే 5.8 కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పొరపాట్లు పైథాగరస్ సూత్రం ప్రకారం కలుస్తాయి, ఒక్కోదాని వర్గం తీసి, కూడి, వర్గమూలం కట్టాలి. అలా చేస్తే వచ్చేది 5.06. పిస్టల్ వల్ల పెరిగిన చెదురు మిల్లీమీటరులో పదహారో వంతు.

పాయింట్లలో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. చెదురే లేని, లోకంలో ఎక్కడా దొరకని పిస్టల్ ఒకటి చేతికొచ్చిందనుకోండి. 60 షాట్ల పోటీలో మేటి షూటర్‌కు దానివల్ల వచ్చే లాభం సగటున 0.6 పాయింటు. 536 స్థాయి షూటర్‌కు 0.3 పాయింటు. 'బ్యారెల్ మార్చాక పది పాయింట్లు పెరిగాయి' అని ఎవరైనా అంటే ఆ పెరుగుదలకు కారణం వేరే చోట వెతకాలి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇక్కడ అంకెలతో సహా రుజువవుతోంది.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో సోవియట్ షూటర్ అలెగ్జాండర్ మెలెంతియెవ్ 50 మీటర్ల పిస్టల్‌లో 600కు 581తో ప్రపంచ రికార్డు సాధించాడు. ఆ తర్వాత పిస్టళ్లలో ఎన్నో మార్పులొచ్చాయి. రికార్డు మాత్రం 2014లో దక్షిణ కొరియాకు చెందిన జిన్ జోంగ్ ఓ 583 చేసేదాకా, 34 ఏళ్లు, చెక్కుచెదరలేదు. ఇక 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు రెండు పతకాలు గెలిచి, పరీక్షలో ప్రొప్రనొలాల్ బయటపడి రెండూ పోగొట్టుకున్నాడు. గుండె వేగాన్నీ చేతి వణుకునూ తగ్గించే మందు అది. మోసానికి దిగినవాడు కూడా పోయింది చేతి కోసమే.

ఐదు షాట్లు చూసి మోసపోవద్దు

పిస్టల్ ఎంత కచ్చితమో తేల్చడానికి కొన్నవాళ్లు సాధారణంగా చేసే పని ఐదు షాట్లు కాల్చి గ్రూపు కొలవడం. చిక్కంతా ఇక్కడే. ఆ కొలత మొత్తం ఐదింటిలో రెండే షాట్ల మీద, అదీ బాగా పక్కకు పోయిన రెండిటి మీద ఆధారపడుతుంది. మిగతా మూడూ ఎక్కడ పడ్డాయో దానికి పట్టదు. అందుకే అదే పిస్టల్, అదే పెల్లెట్లు, అదే మనిషి అయినా గ్రూపు నాలుగో వంతు పెరగడం, తగ్గడం మామూలే. సగటున 2.5 మిల్లీమీటర్లు కాల్చే పిస్టల్ ఒకసారి 1.9, మరోసారి 3.1 చూపించవచ్చు. మొదటిది చూసి 'ఈ పిస్టల్ నాకు అచ్చొచ్చింది' అనుకుంటాం. రెండోది చూసి అమ్మకానికి పెడతాం. రెండుసార్లూ పిస్టల్‌లో మార్పేమీ లేదు.

ఇంకో మెలిక ఉంది. షాట్లు పెరిగేకొద్దీ గ్రూపు పెద్దదవుతుంది. ఐదు షాట్లకు 2.5 మిల్లీమీటర్లు చూపిన పిస్టల్ పది షాట్లకు సగటున 3.1 చూపుతుంది. కాబట్టి ఒక కంపెనీ ఐదు షాట్ల గ్రూపునూ మరో కంపెనీ పది షాట్ల గ్రూపునూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పది గ్రూపులు కాల్చి అన్నిటికంటే చిన్నదాన్ని చూపించి మురిసిపోయేవాళ్లూ ఉంటారు. అది కొలత కాదు, ఎంపిక.

దీనికి విరుగుడు సులువే. ప్రతి షాట్‌నూ లెక్కలోకి తీసుకోవాలి. అన్ని షాట్ల సగటు స్థానం కనుక్కుని, అక్కడి నుంచి ఒక్కో షాట్ ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ దూరాల సగటు తీయాలి. సగటు వ్యాసార్థం అనే ఈ కొలతను ఒక్క చెడ్డ షాట్ తలకిందులు చెయ్యలేదు. రేంజిలో ఎలక్ట్రానిక్ లక్ష్యం ఉంటే ప్రతి షాట్ స్థానం దానంతటదే నమోదవుతుంది. లేకపోతే కాగితమూ స్కేలూ చాలు. 40 షాట్లయినా ఉంటే తప్ప రెండు పిస్టళ్ల మధ్య తీర్పు చెప్పడానికి తొందరపడకూడదు.

ఇంకో జాగ్రత్త. పిస్టల్‌ను పరీక్షించాలంటే దాన్ని బిగించే కాల్చాలి. చేత్తో కాల్చిన గ్రూపులో కనపడేది చెయ్యే. ఇంతకుముందు చేసిన లెక్క ప్రకారం 5 మిల్లీమీటర్ల చేతి చెదురు వెనక 0.8 మిల్లీమీటర్ల పిస్టల్ చెదురు పూర్తిగా దాక్కుంటుంది. ఎన్ని పెట్టెల పెల్లెట్లు ఖర్చు చేసినా చేత్తో దాన్ని పట్టుకోవడం కష్టం.

పెల్లెట్టూ గాలీ

బ్యారెల్ మీద పెట్టే శ్రద్ధలో కొంత పెల్లెట్ మీద పెడితే ఫలితం తొందరగా కనపడుతుంది. మ్యాచ్ పెల్లెట్ తల చదునుగా ఉంటుంది, కాగితంలో రంధ్రం అంచులు చిరగకుండా గుండ్రంగా తెగడానికి. నడుము సన్నగా, వెనక భాగం పల్చటి పావడాలా ఉంటుంది. గాలి ఒత్తిడికి ఆ అంచు విచ్చుకుని బ్యారెల్ లోపలి గాడులను పట్టుకుంటుంది, పెల్లెట్ తన చుట్టూ తాను తిరుగుతూ బయటికొస్తుంది. తల వ్యాసం 4.48, 4.49, 4.50 అంటూ మిల్లీమీటరులో నూరో వంతు తేడాలతో వేరువేరు డబ్బాల్లో అమ్ముతారు. ఏ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో కాల్చి చూస్తేగానీ తెలియదు. ఒకే రకంలోనూ ఒక తయారీ విడతకూ మరో విడతకూ తేడా ఉంటుంది. అందుకే పెద్ద షూటర్లు పిస్టల్‌ను బిగించి, వేర్వేరు విడతల పెల్లెట్లు కాల్చి, నప్పినదాన్ని ఏడాదికి సరిపడా కొనిపెట్టుకుంటారు.

నప్పని పెల్లెట్ వల్ల విచలనం 0.8 నుంచి 2 మిల్లీమీటర్లకు పెరిగిందనుకోండి. 583 స్థాయి షూటర్ మూడు పాయింట్లు పోగొట్టుకుంటాడు. ఒలింపిక్ ఫైనల్‌కు వెళ్లే ఎనిమిది మందికీ బయట మిగిలినవాళ్లకూ మధ్య తరచూ ఉండే దూరం అంతే.

గాలి విషయమూ అలాంటిదే. నేటి ఎయిర్ పిస్టల్ సిలిండర్‌లో గాలి 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. షాట్ షాట్‌కూ అది తగ్గుతూ పోయినా రెగ్యులేటర్ అనే భాగం ప్రతిసారీ ఒకే ఒత్తిడితో గాలిని వదులుతుంది. పెల్లెట్ వేగం సుమారు సెకనుకు 150 మీటర్లు. పది మీటర్లు దాటేలోగా గురుత్వాకర్షణ దాన్ని 22 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. వేగం 148కి పడిపోతే 22.4, 152కి పెరిగితే 21.2. రెండిటికీ తేడా 1.2 మిల్లీమీటర్లు, అదీ నిలువుగా మాత్రమే. కాబట్టి బిగించి కాల్చిన షాట్లు అడ్డంగా కంటే నిలువుగా ఎక్కువ చెదిరితే ముందు అనుమానించాల్సింది రెగ్యులేటర్‌నే.

డబ్బు దేనికి పెట్టాలి

జర్మనీ కంపెనీలు ఫైన్‌వెర్క్‌బౌ, వాల్టర్, ఆస్ట్రియాకు చెందిన స్టైర్, స్విట్జర్లాండ్ మొరీని, ఇటలీ పార్దీని. అంతర్జాతీయ పోటీల్లో ఎక్కువగా కనపడే పేర్లు ఇవి. వీటిలో దేన్ని తీసుకున్నా బ్యారెల్‌కు వంక పెట్టలేం. ఎంచుకోవాల్సింది చేతికీ బ్యారెల్‌కూ మధ్య ఉన్న భాగాలను చూసి.

మొదటిది పిడి. కొలతలు తీసుకుని చేసిన వాల్‌నట్ చెక్క పిడి అరచేతిలో ఖాళీ లేకుండా ఇమడాలి. చేతి కింది అంచుకు ఆనే పలకను పైకీ కిందికీ జరుపుకోవచ్చు, కానీ మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు, నిబంధనలు ఒప్పుకోవు. పిడి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఉంది. ఖాళీ పిస్టల్ పట్టుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి లక్ష్యం ఎత్తుకు లేపి, అప్పుడు కళ్లు తెరవాలి. ముందు సైట్ వెనక సైట్ గాడి మధ్యలో, రెండు పక్కలా సమానమైన వెలుతురుతో కనపడితే పిడి మీదే. ప్రతిసారీ ఒకే వైపు జరిగి కనపడితే మణికట్టు దాన్ని ప్రతి షాట్‌కూ సరిదిద్దుకోవాలి. అరవయ్యో షాట్ నాటికి అలసిపోయేది ఆ కండరమే. అందుకే ఎంత ఖరీదైన పిడినైనా షూటర్లు ఉన్నదున్నట్టు వాడరు. ఒక చోట ఆకురాయితో రుద్దుతారు, మరో చోట చెక్క లప్పం పూస్తారు.

ఇంత పట్టుదల ఎందుకంటే లెక్క అలాంటిది. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంది, అంటే దానికి 30 రెట్లు. రెండు సైట్ల వరుస పావు మిల్లీమీటరు తప్పితే లక్ష్యం మీద 7.5 మిల్లీమీటర్లు తప్పుతుంది, దాదాపు ఒక వలయం పోయినట్టే. అదే చెయ్యి మొత్తం, సైట్ల వరుస చెడకుండా, పావు మిల్లీమీటరు పక్కకు జరిగితే లక్ష్యం మీద తేడా కూడా ఆ పావు మిల్లీమీటరే. చెయ్యి ఊగడం కంటే మణికట్టు వంగడం ఎంతో ప్రమాదం. కోచ్‌లు లక్ష్యాన్ని మసకగా వదిలేసి ముందు సైట్ మీదే కన్ను నిలపమనేది ఇందుకే.

రెండోది ట్రిగ్గర్. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలి, పోటీకి ముందు బరువు వేలాడదీసి పరీక్షిస్తారు. పిస్టల్ మొత్తం బరువు కిలోకు అటూఇటూ. అంటే గురిపెట్టి నిలిపిన వస్తువును దాని బరువులో సగం బలంతో లాగుతున్నామన్నమాట. ఆ లాగుడు ఆరు డిగ్రీలు పక్కకు తిరిగితే సుమారు 50 గ్రాముల బలం పిస్టల్‌ను అడ్డంగా నెడుతుంది. అందుకని మేటి పిస్టళ్లలో ట్రిగ్గర్‌ను ముందుకూ వెనక్కూ జరపవచ్చు, పక్కకు తిప్పవచ్చు. మొదటి దశలో ఎంత భారం, రెండో దశలో ఎంత అన్నది కూడా విడిగా పెట్టుకోవచ్చు. యంత్ర ట్రిగ్గరా, ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా అన్నది అలవాటును బట్టి ఉంటుంది. తెగే చోటు ప్రతిసారీ ఒకేలా ఉండడమే అసలు విషయం.

ట్రిగ్గర్‌కు ఇంత ప్రాధాన్యం రావడానికి మన నాడీ వ్యవస్థ కూడా కారణం. కంటికి కనపడినదానికి వేలు స్పందించడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. గురి లక్ష్యం మీద సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగంతో ఊగుతోందనుకుంటే, 'ఇదిగో పది' అని కన్ను చెప్పి వేలు నొక్కేలోగా గురి 10 మిల్లీమీటర్లు దాటిపోతుంది. పెల్లెట్ బ్యారెల్‌లో గడిపే సమయం రెండు మూడు మిల్లీసెకన్లే, ఆలోగా గురి జరిగేది 0.15 మిల్లీమీటర్లు. నష్టం యంత్రంలో లేదు, మెదడుకూ వేలికీ మధ్య ఉంది. అందుకే అనుభవజ్ఞులు పది కోసం కాచుకుని నొక్కరు. గురి ఊగుతుండగానే ఒత్తిడి ఒకే తీరున పెంచుతూ పోతారు.

మూడోది తూకం. నిబంధనల ప్రకారం ఒకటిన్నర కిలో దాకా ఉండవచ్చు. బరువు ముందు వైపు ఉంటే మూతి నెమ్మదిగా కదులుతుంది, కానీ భుజం తొందరగా అలసిపోతుంది. ఎదిగే వయసు పిల్లలకు తేలికైన, పొట్టి మోడల్ మంచిది. బరువులు తరవాత తగిలించుకోవచ్చు. 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చడం, ప్రతి షాట్‌కూ చెయ్యి లేపడం, కుదరకపోతే దించి మళ్లీ లేపడం. దుకాణంలో రెండు నిమిషాలు పట్టుకుని చూస్తే ఇది తెలియదు.

25 మీటర్ల పోటీలో లెక్క కాస్త మారుతుంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచిన విభాగమిది. ఇందులో .22 తూటా, వెయ్యి గ్రాముల ట్రిగ్గర్. నిదానంగా కాల్చే భాగంలో పది వలయం 50 మిల్లీమీటర్లు. పిస్టల్ కచ్చితత్వానికి ఇక్కడ ఇంకా వెసులుబాటు ఉంది. కష్టం రెండో భాగంలో వస్తుంది. చెయ్యి దించి ఉంచి, సంకేతం పడగానే లేపి మూడు సెకన్లలో కాల్చాలి. కళ్లు మూసుకుని చేసిన పిడి పరీక్ష విలువ అక్కడ బయటపడుతుంది. ఈ పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు కావాలి, కాబట్టి మొదలుపెట్టేవాళ్లు ఎయిర్ పిస్టల్‌తోనే మొదలుపెడతారు.

నాలుగోది నమ్మకం, అంటే మొరాయించకపోవడం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ పనిచెయ్యడం మానేసింది. బాగుచేయించుకునేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575తో 12వ స్థానంలో నిలిచి ఫైనల్‌కు దూరమైంది. ఏ గ్రూపు కొలతలోనూ కనపడని నష్టం ఇది. విడిభాగాలు దొరికే, మరమ్మతు తెలిసినవాళ్లు అందుబాటులో ఉన్న మోడల్ ఎంచుకోవడం కచ్చితత్వంలో భాగమే. పాత పిస్టల్ కొనేవాళ్లు ముందు సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడాలి. వాటి గడువు సాధారణంగా పదేళ్లు, అది దాటితే పోటీలో వాడనివ్వరు.

కాబట్టి పిస్టల్ మార్చాలనిపించినప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. పిస్టల్‌ను బిగించి 40 షాట్లు, చేత్తో 40 షాట్లు కాల్చి రెండిటి సగటు వ్యాసార్థాలూ కట్టాలి. మొదటిది రెండోదానిలో ఐదో వంతు కంటే తక్కువైతే పిస్టల్ వల్ల పెరిగే చెదురు నూటికి రెండు పాళ్లకు మించదు, కొత్తదానికి పెట్టే డబ్బు పెల్లెట్లకూ కోచింగ్‌కూ పెట్టుకోవచ్చు. మూడో వంతు దాటితే ముందు మరో విడత పెల్లెట్లతో పరీక్షించాలి, తరవాత బ్యారెల్ శుభ్రం చేసి, రెగ్యులేటర్ చూపించాలి. అప్పటికీ తగ్గకపోతే మద్దెల నిజంగానే ఓడు, నిశ్చింతగా మార్చెయ్యండి.